చెప్పమన్నది నేనే

ఆ మాట చెప్పమన్నది నేనే. చెప్పాల్సిన రోజున, మా పై అధికారి ఎదురుగా కూర్చుని సూటిగా అడుగుతున్నప్పుడు, నేను ఈ ఒక్క వాక్యం అనలేదు. అబద్ధం కూడా ఆడలేదు. "నేను మాట్లాడతానండి అతనితో" అని మాత్రం అన్నాను. తప్పు అతనిదేనని అనుకోవడానికి ఆ మాట సరిపోయింది. ఇప్పుడు నా జుట్టు సగం నెరిసింది. అతను ఆ కంపెనీ వదిలి కొన్నేళ్లయింది. జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను అప్పట్లో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. నా పనితనం గురించి ఎవరైనా మెచ్చుకోవాలంటే మొదట నా మాటనే మెచ్చుకునేవారు. ఎవరితో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. మా పై అధికారిది విజయవాడ. ఆయనకు ముందు కాస్త పొగడ్త, తర్వాత కాస్త భయం, చివర్న పరిష్కారం, ఆ వరుసలో చెప్పాలి. చెన్నై నుంచి వచ్చిన డిజైన్ నిపుణుడికి లెక్కలు తప్ప మరేమీ వినపడవు. కొత్తగా చేరిన పిల్లలకు ముందు "తిన్నారా" అని అడగాలి, పని సంగతి తర్వాత. మాది తణుకు దగ్గర. ప్రతి మాట చివర 'అండి' తగిలించడం పుట్టుకతో వచ్చింది. మిగతావన్నీ ఈ ఊళ్లో నేర్చుకున్నాను.

అమెరికాలోని మా క్లయింట్‌ని అర్థం చేసుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. ఆయన ఒక ఆసుపత్రుల సంస్థలో మేనేజర్. రోగులు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు తీసుకునే ప్రోగ్రామ్‌ని మేము ఆయన కోసం తయారు చేస్తున్నాం. మనిషి మంచివాడు, నవ్వుతూ మాట్లాడతాడు. కానీ చెడు కబురు నలుగురిలో వినలేడు. ముందు ఒంటరిగా ఫోన్ చేసి చెబితే ఎంతటి ఇబ్బందినైనా ఓర్చుకుంటాడు, పైగా అదే విషయాన్ని తనే కనిపెట్టినట్టు మరునాడు అందరికీ వివరిస్తాడు. నలుగురిలో చెబితే అవమానంగా తీసుకుంటాడు. ఈ సంగతి మా టీమ్‌లో నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. అది నా దగ్గరే ఉంటే నా అవసరం ఉంటుందనుకున్నాను.

మా టీమ్‌లో టెస్టింగ్ చూసేది సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు. మేము తయారు చేసినదాన్ని పరీక్షించి ఎక్కడ తప్పుందో చెప్పడం అతని పని. ఆఫీసులో అందరినీ పేరు పెట్టి పిలవాలన్నది కంపెనీ పద్ధతి. అతను మాత్రం నన్ను 'సార్' అనేవాడు. ఆ 'సార్'లో మర్యాద ఉండేది కానీ వంగడం ఉండేది కాదు. తప్పు కనిపిస్తే తప్పనే చెప్పేవాడు, ఎవరికైనా ఒకే మాట.

ఒకసారి కింద టీ బండి దగ్గర అతన్ని చూసి, చనువు పెంచుకుందామని "ఏందన్నా, ఎట్లున్నవ్, అంతా మంచిగేనా?" అన్నాను.

అతను టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "సార్, ఒక మాట చెప్త, ఫీల్ గాకుర్రి. మీరు మా లెక్క మాట్లాడితే ఎవల్నో వెక్కిరిస్తున్నట్టు ఉంటది. మీది మీరే మాట్లాడుర్రి. మాకు అర్థమైతది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల కాస్త గుచ్చుకుంది. అందరికీ నచ్చిన నా విద్య ఇతని దగ్గర పని చేయలేదే అనుకున్నాను.

ఆ ఏడాది అతనికి మేనేజర్‌గా పదోన్నతి రావాల్సి ఉంది. అందరూ అనుకుంటున్నదే. పని విషయంలో అతన్ని కాదనేవాళ్లు లేరు.

ప్రోగ్రామ్‌ని ఆసుపత్రుల్లో మొదలుపెట్టే రోజు దగ్గరపడింది. అప్పుడు అతను ఒక లోపం పట్టుకున్నాడు. ఇద్దరు ఒకేసారి ఒకే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఇద్దరికీ ఖాయమైనట్టే చూపిస్తుంది కానీ ఒకరి పేరు మాయమవుతుంది. అరుదుగానే జరుగుతుంది. నాకు చెప్పాడు. సరిచేయడానికి సమయం పడుతుందని, తేదీ జరపక తప్పదని అన్నాడు. నేను క్లయింట్‌కి ఫోన్ చేసి ఒంటరిగా చెప్పాలి. అది నా పని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేస్తూ వచ్చాను. ఈలోగా ప్రతి కాల్‌లోనూ "అంతా సవ్యంగా జరుగుతోంది" అనే చెబుతున్నాను.

చివరి కాల్ రోజు సాయంత్రం చిన్న మీటింగ్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. మిగతావాళ్లు ట్రాఫిక్ పెరగకముందే బయలుదేరిపోయారు. స్క్రీన్ మీద కాల్‌లో ఉన్నవాళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. ఆ వరుసలో నాకు తెలిసిన ఒక పేరుంది. మా క్లయింట్ పై అధికారిది. ఆ పేరు ఎవరిదో అతనికి తెలియదు.

మా ఆఫీసుల్లో అసలు సంభాషణ మ్యూట్ నొక్కాకే జరుగుతుంది. దొరతో ఇంగ్లీషులో "తప్పకుండా" అంటాం. మ్యూట్ నొక్కి తెలుగులో "ఎలారా బాబూ" అని మొహాలు చూసుకుంటాం. ఆ రోజు క్లయింట్ "శుక్రవారానికి సిద్ధమేనా?" అని అడగ్గానే నేను మ్యూట్ నొక్కాను.

"నువ్వు చెప్పు," అన్నాను.

"నేనా? మీరు ముందుగాల చెప్పలేదా సార్ ఆయనకు?"

"కుదరలేదు. ఇప్పుడు నేను చెబితే ఇన్ని రోజులూ ఏం చేశావంటాడు. నువ్వు టెస్టింగ్ మనిషివి, నువ్వు చెబితేనే బాగుంటుంది."

"నాకు మీ లెక్క తీరుగ చెప్పరాదు సార్. ఉన్నదున్నట్టు చెప్త నేను."

"అదే కావాలి. నీ పద్ధతిలోనే చెప్పు, సూటిగా. మొహమాటం వద్దు."

"తర్వాత మళ్ల నన్ను అనొద్దు."

"నేనున్నాను కదండీ," అన్నాను.

అతను మ్యూట్ తీశాడు. సిద్ధంగా లేదని చెప్పాడు. శుక్రవారం మొదలుపెడితే కొందరు రోగులు ఆసుపత్రికి వచ్చి తమ పేరు లేదని తెలుసుకుంటారని, ఇది మా టీమ్‌కి చాలా రోజులుగా తెలుసని, ఇంతవరకు ఎవరూ చెప్పకపోవడం సరికాదని అన్నాడు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు.  అటువైపు నుంచి మరో గొంతు, క్లయింట్ పై అధికారిది, "ఈ సంగతి నీకు తెలుసా?" అని మా క్లయింట్‌ని అడిగింది. ఆయన తెలియదన్నాడు. కాల్ త్వరగా ముగిసింది.

తేదీ జరిపారు. లోపం సరిచేశారు. ఆ విధంగా అతని మాట వల్ల మేలే జరిగింది. కానీ మరునాడు మా పై అధికారికి క్లయింట్ దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. లోపం గురించి కాదు, మా మనిషి మాట్లాడిన తీరు గురించి.

పై అధికారి నన్ను పిలిచారు. "ఏమయ్యా, ఏమిటిదంతా? వాళ్ల బాస్ ముందు మనవాడు అలా మాట్లాడటమేమిటి? నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నానండి."

"మరి? ఎవరు చెప్పమన్నారు అతన్ని?"

ఇక్కడే నేను ఆ వాక్యం అనాలి. ఆయన టేబుల్ మీద నీళ్ల సీసా ఉంది. దాని మూత వంక చూస్తూ, "నేను మాట్లాడతానండి అతనితో," అన్నాను.

"మాట్లాడు. పని తెలిసినవాడే, కాదనను. నోరే కాస్త దురుసు. అటువైపు వాళ్లు అంతేలే."

నేను చిన్నగా నవ్వాను. ఎదుటివారు జోకు వేసినప్పుడు నవ్వాలన్నది కూడా నా విద్యలో భాగమే. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నా మీద రోత పుడుతుంది. అతను మాట్లాడింది సిద్దిపేట యాసలో కాదు, చక్కటి ఇంగ్లీషులో. అయినా ఆయనకు అందులో యాసే వినిపించింది. నేను దాన్ని కాదనలేదు.

కొన్ని నెలల తర్వాత ఏటా జరిగే సమావేశం జరిగింది. మేనేజర్లమంతా ఒక గదిలో కూర్చుని, ఉద్యోగుల పేర్లు ఒక వరుసలో పెట్టి, ఒకరిని పైకీ ఒకరిని కిందికీ జరుపుతాం. అతని పేరు వచ్చింది. "ఆ క్లయింట్ గొడవ ఇతనిదే కదా?" అని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు. "పని బాగా చేస్తాడు. కమ్యూనికేషన్ మీద కాస్త దృష్టి పెట్టాలి," అన్నాను. చాలా సమతూకంగా చెప్పానని కూడా అనుకున్నాను. పదోన్నతి ఆగిపోయింది.

ఆ సంగతి అతనికి చెప్పాల్సిందీ నేనే. చిన్న గదిలోకి పిలిచాను. అతను మొత్తం విన్నాడు.

"సార్, మీరు చెప్పమన్నరు గదా."

"చెప్పమన్నానండి. కానీ చెప్పే తీరు ఒకటుంటుంది కదా."

"నా తీరులనే చెప్పమన్నరు."

నేను లాప్‌టాప్ వైపు చూశాను. "వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం," అన్నాను. అతను లేచి కుర్చీని టేబుల్ కిందికి జరిపి వెళ్లిపోయాడు. అతను గొంతు పెంచి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

అంతటితో ఆగలేదు. అతన్ని ఒక శిక్షణ తరగతికి పంపారు. ఎదుటి మనిషి స్వభావాన్ని బట్టి మన మాటను ఎలా మార్చుకోవాలో నేర్పే తరగతి అది. అనుభవం ఉన్న మేనేజర్ ఒకరు వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుంటుందని నిర్వాహకులు అడిగారు. ఎవరిని అడిగారో వేరే చెప్పక్కర్లేదు. ఎవరెవరు వస్తున్నారో చూసుకోకుండానే ఒప్పుకున్నాను. హాల్లోకి వెళ్లాక చూస్తే అతను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

వెనక్కి వెళ్లలేక మాట్లాడాను. తొందరపడేవాళ్లతో ఎలా, నెమ్మదస్తులతో ఎలా, లెక్కలడిగేవాళ్లతో ఎలా అని ఉదాహరణలు చెబుతుంటే జనం నవ్వుతున్నారు. చివర్న ఎవరికైనా సందేహాలున్నాయా అన్నాను. అతను చెయ్యెత్తాడు.

"సార్, ఎదుటోడు ఎసుంటోడో మనకు తెల్వది అనుకోండ్రి. మన పక్కనున్నోనికి తెలుసు. మనం నోరు తెరవకముందు ఆయన మనకు చెప్పాల్నా, వద్దా?"

అప్పటికి అతనికి అంతా తెలిసిపోయిందన్నమాట. కాల్‌లో ఉన్న ఆ పేరు ఎవరిదో, మా క్లయింట్ ఎటువంటి మనిషో, ఎవరో చెప్పి ఉంటారు. హాల్లో ఎవరికీ అది ప్రశ్న కంటే ఎక్కువగా అనిపించలేదు.

"మంచి ప్రశ్న. టీ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను. టీ తర్వాత వేరే మీటింగ్ ఉందని చెప్పి వెళ్లిపోయాను. ఆ సమయంలో నాకు ఏ మీటింగూ లేదు. రాయదుర్గం మెట్రో దాకా ఊరికే నడిచి వచ్చాను.

ఆ తర్వాత అతను మారిపోయాడు. అందరూ మెచ్చుకున్నారు. "ఎంత మెత్తబడ్డాడో చూశారా," అన్నారు. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "రిపోర్టుల దగ్గర చిన్న తేడా ఉన్నట్టుందండి. వీలైతే ఒకసారి చూద్దామండి," అన్నాడు. అచ్చం నా మాట తీరే. ఆ తీరులో నేను చెప్పినప్పుడు ఎంత తక్కువ అర్థం ఉంటుందో నాకు తెలుసు కనుక, తలూపి మరచిపోయాను. ఆ తేడాతోనే రిపోర్టులు వెళ్లిపోయాయి. క్లయింట్ ఆసుపత్రుల్లో లెక్కలు తారుమారై రెండు మూడు రోజులు అక్కడివాళ్లు గందరగోళపడ్డారు. పాత మనిషైతే నా కుర్చీ పక్కన నిలబడి, "ఇది పోదు సార్, పంపకుర్రి," అనేవాడు. ఆ మనిషిని లేకుండా చేసింది నేనే.

మరుసటి ఏడాది కూడా పదోన్నతి రాలేదు. పాత గొడవ ఇంకా మాసిపోలేదన్నారు. అతను రాజీనామా చేసి చిన్న కంపెనీకి వెళ్లాడు. చివరి రోజు అందరితో కరచాలనం చేసినట్టే నాతోనూ చేశాడు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం నాకొక ఫోన్ వచ్చింది. ఒక పెద్ద కంపెనీలో నియామకాలు చూసే అమ్మాయి. అతన్ని మేనేజర్‌గా తీసుకోవాలనుకుంటున్నారట. "మిగతావన్నీ బాగున్నాయి సార్. ఒక్కటే. పాత కంపెనీలో క్లయింట్‌తో ఏదో గొడవైందని మావాళ్లకు తెలిసింది. అప్పుడు మీరే కదా ఆయన మేనేజర్? కమ్యూనికేషన్ ఎలా ఉండేది?" అని అడిగింది.

ఇన్నేళ్ల తర్వాత కూడా అది అతని వెంట తిరుగుతూనే ఉంది. ఎప్పుడో నేనన్న ఒక మాట, అతనికి రావాల్సిన కుర్చీకి మళ్లీ అడ్డం నిలబడింది.

"ఆ గొడవ అతనిది కాదమ్మా, నాది," అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పమన్నది నేనేనని, క్లయింట్ స్వభావం నాకు తెలిసీ దాచానని చెప్పాను. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అని పెట్టేసింది. ఫోన్ పెట్టాక నాకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు. ఈ మాట మొదట వినాల్సిన మనిషి ఇంకా వినలేదు. ఊరూ పేరూ తెలియని అమ్మాయికి ముందు చెప్పాను.

విజయవాడ వెళ్లి స్థిరపడిన మా పాత అధికారికి కూడా ఫోన్ చేశాను. ఆయన విని, "ఇప్పుడెందుకయ్యా అవన్నీ," అన్నారు. తర్వాత అతనికి మెసేజ్ రాయబోయాను. మొదటిది సన్మాన పత్రంలా వచ్చింది, రెండోది ఆఫీసు మెయిల్‌లా. రెండూ చెరిపేసి నేరుగా ఫోన్ చేశాను. కలవాలి అన్నాను.

"ఆదివారం పొద్దున నిజాంపేటల మటన్ దుకాణం కాడ లైన్ల ఉంట సార్. గంట పడ్తది ఎట్లైనా. ఆడికే రాండ్రి, మాట్లాడుకుందాం."

గోపన్‌పల్లిలోని మా ఇంటి నుంచి బయలుదేరి వెళ్లాను. లైను రోడ్డు దాకా ఉంది. అతను సంచీ పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. చెంపల దగ్గర జుట్టు కాస్త నెరిసింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. వెనకున్నాయన "లైన్ల రాండ్రి అన్నా" అంటే, "నాతోని వచ్చిండు, కొనడు," అన్నాడు.

"ఉద్యోగం సంగతి ఏమైంది?" అన్నాను.

"వచ్చింది సార్. నిన్ననే లెటర్ పంపిండ్రు. మీతోని మాట్లాడినమన్నరు, మస్తు మంచిగ చెప్పిండ్రంట మీరు. థాంక్స్ సార్." కాస్త ఆగి నవ్వాడు. "ఇంటర్వ్యూల నన్ను మస్తు సాఫ్ట్ అన్నరు. మీ కాడ నేర్చుకున్నదే."

అది ఎత్తిపొడుపో కాదో అతని ముఖంలో తెలియలేదు. ఆ అమ్మాయి నేను చెప్పిందంతా అతనికి చెప్పలేదని మాత్రం అర్థమైంది. ఆ థాంక్స్ తీసుకుని, ఓ టీ తాగి, ఇంటికి వచ్చేయొచ్చు. అలా రావడం నాకు బాగా అలవాటు.

"థాంక్స్ చెప్పకండి," అన్నాను. "నేను మంచి ఏమీ చెప్పలేదు. ఆ రోజు జరిగింది చెప్పానంతే. అది చెప్పడానికే వచ్చాను."

లైను కదిలింది. మేమూ కదిలాం. లోపల కత్తి మొద్దు మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇడువుండ్రి సార్. అయిపోయింది గదా."

"అయిపోలేదండి."

"మరి అప్పుడు చెప్తే మీకు ఏమయ్యేది?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. "మహా అయితే ఆ ఏడాది నా రేటింగ్ తగ్గేది. బాస్ ఓ రెండు తిట్లు తిట్టేవాడు."

"గంతేనా?"

"అంతే."

"గంత దానికా సార్." గొంతులో కోపం లేదు. ఇన్నేళ్లూ మోసిన బరువు ఇంత చిన్నదాని కోసమా అని విస్తుపోయినట్టుంది. "నేను ఇంకేదో పెద్దది ఉందనుకున్న. మీకేదో ఆపద ఉన్నదేమో, అందుకే చెప్పలేదేమో అనుకున్న. మా ఇంటామె అడిగితే గూడ గట్లనే చెప్పిన."

ఇంట్లో కూడా నన్ను వెనకేసుకొచ్చాడన్నమాట. దుకాణంలోంచి "అన్నా, నీ నంబరే, బోన్‌తోనా?" అని కేక వచ్చింది. అతను "బోన్‌తోనే, జర నల్లి బొక్కలు ఎక్కువెయ్యి," అని చెప్పి నా వైపు తిరిగాడు. 

"ఆ రోజు చెప్పమన్నది నేను," అన్నాను. "ఆయన నలుగురిలో వినలేడని నాకు తెలుసు, కాల్‌లో వాళ్ల బాస్ ఉన్నాడని తెలుసు, నీకు చెప్పలేదు. నేనున్నానన్నాను, లేను. మన బాస్ నిన్ను అటువైపు వాళ్లంతే అంటే నవ్వి ఊరుకున్నాను. నీ మాటలో తప్పేమీ లేదు, అప్పుడూ లేదు. తప్పు నాది. నన్ను క్షమించు."